రాష్ట్రమంతా క్లైమేట్ సేవా దళాలను కలిపి నడిపితే ఎవరికి లాభం?

ప్రశ్న: చెన్నైలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను. డిగ్రీ అయిన పిల్లలను ఏడాదికి తీసుకుని, స్టైపెండ్ ఇచ్చి చెరువు పనులు, మొక్కలు, ఎండల సర్వే లాంటి క్లైమేట్ సేవ చేయిస్తాం. ఇలాంటివే నడుపుతున్న వేరే జిల్లాల సంస్థలతో కలిసి రాష్ట్రస్థాయిలో ఉమ్మడి ఏర్పాటు కోసం ప్రతిపాదన రాయమని మా మేడమ్ అన్నారు. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు అలా చేస్తున్నాయట. మా పని మేం బాగానే చేసుకుంటున్నాం కదా, కలిస్తే మీటింగులు పెరగడం తప్ప లాభమేమిటి? ఒకవేళ రాస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలి?

జవాబు:

మీటింగులు పెరుగుతాయి, అందులో అనుమానం లేదు. "సమన్వయ కమిటీ" అని వినగానే నాకూ టీ, బిస్కెట్లు, సంతకాల రిజిస్టరే కళ్ల ముందు కనిపిస్తాయి. అయినా ఇక్కడ చెరువు పనుల్లోనూ వరద సహాయంలోనూ చాలా ఏళ్లుగా వాలంటీర్లను నడిపిన మనిషిగా చెబుతున్నాను, మీ మేడమ్ అడిగింది సరైన పనే. ప్రతిపాదనలో మామూలుగా అందరూ రాసే కారణం మాత్రం బలమైనది కాదు. "ఖర్చు తగ్గుతుంది, ఒకే పని రెండుసార్లు జరగదు" అని రాస్తారు. అదీ నిజమే కానీ చిన్న లాభం. దానికోసమే అయితే మీ సంస్థ కలవకపోయినా పెద్ద నష్టం లేదు.

అసలు లాభం మీకు కాదు. మీలాంటి సంస్థ ఒక్కటీ లేని తాలూకాకు. మీరిచ్చే స్టైపెండ్‌తో చెన్నైలో హాస్టల్ అద్దె కట్టలేనని ఇంటర్వ్యూకే రాని అమ్మాయికి. ఎవరికి వారు నడుపుకున్నంతకాలం ఈ రెండు లోటులూ ఎవరికీ కనబడవు, ఎందుకంటే మీ లెక్కల్లో వచ్చినవాళ్లే ఉంటారు, రానివాళ్లు ఉండరు. ఇది మనసులో పెట్టుకుని రాస్తే ప్రతిపాదన వేరేలా వస్తుంది.

ముందు నీళ్ల సంగతి. తమిళనాడులో దాదాపు 39 వేల చెరువులున్నాయి. మన నెల్లూరు, చిత్తూరు వైపు లాగే ఇక్కడా చాలావరకు గొలుసుకట్టు చెరువులే. పై చెరువు నిండి కలుజు (మిగులు నీరు పొర్లిపోయే చోటు) పారితే ఆ నీళ్లు కాలువ వెంట కింది చెరువుకు వస్తాయి. మీ పిల్లలు ఒక చెరువులో సర్కారు తుమ్మ కొట్టించి, పూడిక తీయించి, కట్ట మీద వేప, కానుగ నాటించారనుకోండి. ఫొటోలు బాగా వస్తాయి, దాత సంతోషిస్తాడు. పైనుంచి నీళ్లొచ్చే కాలువ పక్క జిల్లా పంచాయతీలో ఉంటుంది. అక్కడెవరో మట్టి తోలి షెడ్డు వేసుంటారు. వానాకాలంలో చెరువుకు నీళ్లు రావు, ఆ నీళ్లు ఎవరి ఇళ్లలోకో పోతాయి. అది మీ పరిధి కాదు, ఆ జిల్లాలో పనిచేసే సంస్థకు మీ చెరువు సంగతి తెలియదు.

అడయార్ నదినే చూడండి. కాంచీపురం జిల్లాలో పుట్టి, చెంగల్పట్టు జిల్లా దాటి, చెన్నైలో సముద్రంలో కలుస్తుంది. 2015 డిసెంబర్ 1 రాత్రి అది పొంగినప్పుడు ఊరంతా చెంబరంబాక్కం జలాశయం గేట్ల గురించే మాట్లాడుకుంది. ఆ గేట్ల వాటా తక్కువేం కాదు. కానీ ఆ నీళ్లతో పాటు ఆదనూరు, మణిమంగళం వైపున్న చెరువుల మిగులు నీళ్లు కూడా ఆ నదిలోకే వచ్చాయి. పళ్లికరణై చిత్తడి నేలదీ ఇదే కథ. 2022లో దానికి రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు వచ్చింది, అందరం పండగ చేసుకున్నాం. దానిలోకి దిగేది మాత్రం చుట్టుపక్కల ముప్పైకి పైగా చెరువుల నీరు. ఆ చెరువులను వదిలేసి చిత్తడి నేల ఒడ్డున ప్లాస్టిక్ ఏరితే ఏమొస్తుంది? ఏరొద్దని కాదు. ఏరే పిల్లల్లో కొందరిని పైకి పంపగల వ్యవస్థ ఉండాలి, అంతే. "ఒక సంస్థకు ఒక చెరువు" అన్న పద్ధతిలో అలా పంపలేరు. చెరువు దగ్గర బోర్డు మీద పేరున్న కంపెనీ ఒప్పుకోదు.

కంపెనీల మాట వచ్చింది కాబట్టి డబ్బు గురించి. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 135 ప్రకారం అర్హత ఉన్న కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద ఖర్చు పెట్టాలి. అదే సెక్షన్ ఇంకో మాట కూడా చెబుతుంది: కంపెనీ పనిచేసే చోటుకు, దాని చుట్టుపక్కల ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వాలని. మంచి ఉద్దేశమే. ఫలితంగా డబ్బు ఫ్యాక్టరీలు, ఆఫీసులు ఉన్న చోటే తిరుగుతుంది, అంటే చెన్నై, శ్రీపెరంబుదూరు, హోసూరు, కోయంబత్తూరు. రామనాథపురం లాంటి జిల్లాల్లో ఫ్యాక్టరీ ఎంత తక్కువో దాత అంత తక్కువ. ఎండకు, కరువుకు, తుపానుకు ముందు గురయ్యేది ఆ జిల్లాలే. సంస్థలు విడివిడిగా దాతల దగ్గరికి వెళ్లినంతకాలం ఈ వంకర సరికాదు. ఉమ్మడిగా ఒక నిధి, దానికి జిల్లాల వారీ కేటాయింపు ఉంటేనే సరవుతుంది. సమన్వయం అంటే ముందు డబ్బు ఎక్కడికి పోవాలన్న నిర్ణయమని నేను గట్టిగా నమ్ముతాను. లోగో, టీషర్టు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

అమెరికా గురించి అడిగారు. అక్కడ జరిగినదాంట్లో మనకు పనికొచ్చేదీ, పనికిరానిదీ రెండూ ఉన్నాయి.

వాళ్లకు ఇది కొత్త కాదు. 1933లో, పెద్ద మాంద్యం రోజుల్లో, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సివిలియన్ కన్జర్వేషన్ కోర్ అని ఒకటి పెట్టారు. 1942 దాకా నడిచింది. దాదాపు 30 లక్షల మంది యువకులు పనిచేశారు, 300 కోట్లకు పైగా చెట్లు నాటారు. నెలకు 30 డాలర్లు ఇచ్చేవారు, అందులో 25 ఇంటికి పంపాలి. నాకు ఆసక్తిగా అనిపించేది చెట్ల సంఖ్య కాదు, పని పంచుకున్న తీరు. మనుషులను ఎంపిక చేసింది కార్మిక శాఖ. క్యాంపులు, తిండి, బట్టలు, రవాణా చూసింది సైన్యం. ఎక్కడ ఏ పని చేయాలో చెప్పింది వ్యవసాయ, అంతర్గత వ్యవహారాల శాఖలు. ఎవరికి చేతనైంది వాళ్లకు అప్పగించారు. అందుకే మొదలైన మూడు నెలల్లోనే రెండున్నర లక్షల మందిని క్యాంపుల్లో పెట్టగలిగారు. లోపాలూ ఉన్నాయి. ఆడపిల్లలను తీసుకోలేదు, నల్లజాతి యువకులను చాలావరకు విడి క్యాంపుల్లో ఉంచారు. వ్యవస్థ ఎంత చక్కగా కుదిరినా ఎవరిని లోపలికి రానిస్తున్నారన్నది వేరే ప్రశ్న అని దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇప్పటి రూపానికి వస్తే, 1993 చట్టంతో అమెరికార్ప్స్ అనే జాతీయ సేవా కార్యక్రమం వచ్చింది. దాని నిర్మాణం గమనించండి. దాదాపు ప్రతి రాష్ట్రంలో గవర్నర్ నియమించే ఒక సేవా కమిషన్ ఉంటుంది. కేంద్ర నిధుల్లో పెద్ద భాగం ఆ కమిషన్ ద్వారా స్థానిక సంస్థలకు వెళ్తుంది. పూర్తికాలం అంటే 1,700 గంటలు చేసిన వాళ్లకు నెలనెలా భత్యంతో పాటు, చివర్లో చదువుకో చదువు అప్పుకో వాడుకునే అవార్డు వస్తుంది, ఇటీవలి సంవత్సరాల్లో అది 7,395 డాలర్లు. ఏ జిల్లాలో ఏ సంస్థతో పనిచేసినా గంటల లెక్క, అవార్డు ఒకటే. (పక్కమాట: అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లే ఇందులో చేరగలరు. స్టూడెంట్ వీసా మీద వెళ్లి చేరదామని ఎవరైనా మీ పిల్లలు అనుకుంటుంటే చెప్పండి.)

ఈ పునాది మీదే క్లైమేట్ దళాలు లేచాయి. 2020లో కాలిఫోర్నియా రాష్ట్రస్థాయిలో మొదటిదాన్ని పెట్టింది. పట్టణాల్లో చెట్లు, తిండి వృథా కాకుండా చూడటం, అడవి మంటల నుంచి రక్షణ, ఈ మూడింటి మీదే దృష్టి పెట్టింది. 2022లో మేన్ (Maine) రాష్ట్రం, 2023లో వాషింగ్టన్ రాష్ట్రం తమ తమ సేవా కమిషన్ల కింద ఇలాంటి ఏర్పాట్లకు చట్టాలు చేశాయి. వాషింగ్టన్ పద్ధతి మీ మేడమ్ ఆలోచనకు దగ్గరగా ఉంటుంది. అక్కడ ఉన్న దళాలను రద్దు చేసి కొత్తది పెట్టలేదు, ఉన్నవాటినీ కొత్తవాటినీ కలిపి ఒక నెట్‌వర్క్‌గా అల్లారు. మీ సంస్థ పేరు పోతుందన్న భయం మీ బోర్డులో ఎవరికైనా ఉంటే ఈ ఉదాహరణ చూపించండి.

ఇంకొక చిక్కు కూడా అక్కడి అనుభవమే. అమెరికార్ప్స్ గ్రాంటు తీసుకున్న సంస్థ తన వాటా కూడా పెట్టాలి. మొదటి మూడేళ్లు 24 శాతం, తర్వాత పెరుగుతూ పదో ఏటికి 50 శాతం. పెద్ద ఊళ్లో పేరున్న సంస్థకు ఇది కష్టం కాదు. ఎక్కడో మూల కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఇద్దరు ఉద్యోగులతో నడిచే సంస్థ ఆ ఫారాలు చూసే వెనక్కి పోతుంది. ఫారాలు, ఆడిట్, జీతాల లెక్క ఒక పెద్ద గొడుగు సంస్థ మీద వేసుకుని, చిన్న సంస్థకు ఒకరో ఇద్దరో సేవకులను (సేవా దళంలో చేరినవాళ్లను) పంపితే ఆ మూల కౌంటీకి కూడా మనిషి దొరుకుతాడు. మన దగ్గరా అంతే. ఒక పంచాయతీ మహిళా సంఘానికి 12ఏ, 80జీ (ఆదాయ పన్ను మినహాయింపు) రిజిస్ట్రేషన్లు, సీఎస్‌ఆర్ నంబరు అడిగితే ఎక్కడినుంచి తెస్తారు? వాళ్లకు కావాల్సింది ఎండలెక్కిన నెలల్లో మజ్జిగ కేంద్రం నడిపించి, ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి చూసే ఒక చురుకైన పిల్ల. ఆ పిల్ల జీతం, బీమా చెన్నైలో ఎవరో చూసుకుంటే వాళ్ల పని జరిగిపోతుంది.

తమిళనాడుకు ఇంకో ప్రత్యేకమైన కారణం ఉంది, క్యాలెండర్. ఒక్క జిల్లాలో ఏడాది పొడవునా పని ఉండదు. చెన్నైలో పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు. నీలగిరుల్లో జూన్ నుంచే మొదలై కొండచరియల భయం పట్టుకుంటుంది. చెరువులు ఎండి పూడిక తీయడానికి వీలయ్యేది ఏప్రిల్ నుంచి జూలై లోపు. పశ్చిమ కనుమల్లో కార్చిచ్చు కాలం ఫిబ్రవరి నుంచి మే దాకా, 2018 మార్చిలో తేని జిల్లా కురంగణిలో ట్రెక్కింగ్‌కు వెళ్లినవాళ్లు మంటల్లో చనిపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. 1988 నుంచి చెన్నైలో విద్యార్థులు రాత్రిళ్లు తీరం వెంట నడిచి ఆ గుడ్లను కాపాడుతున్నారు. ఇవన్నీ ఒకే సేవా సంవత్సరంలోకి అల్లితే, ఆ పిల్లకో పిల్లవాడికో పన్నెండు నెలలూ నిజమైన పని ఉంటుంది. లేకపోతే ఏమవుతుందో మీకు తెలుసు. ఆరు నెలలు పని, మిగతా ఆరు నెలలు స్కూళ్లలో పోస్టర్ పోటీలు.

2023 డిసెంబర్ గుర్తు చేసుకోండి. 3, 4 తేదీల్లో మిచాంగ్ తుపాను వానకు చెన్నై మునిగింది. 5న అది మన బాపట్ల దగ్గర తీరం దాటింది. రెండు వారాలు తిరగకుండానే 17, 18 తేదీల్లో దక్షిణాన తూత్తుకుడి, తిరునెల్వేలి మునిగాయి. కాయల్పట్నంలో 24 గంటల్లో దాదాపు 95 సెంటీమీటర్ల వాన పడింది. శ్రీవైకుంఠంలో రైలు వందలమంది ప్రయాణికులతో చిక్కుకుపోయింది. చెన్నైలో అప్పటికి పడవల్లో మనుషుల్ని తరలించడం, మందుల జాబితా తయారు చేయడం, వంట కేంద్రాలు నడపడం చేతనైన వాలంటీర్లు వేలల్లో ఉన్నారు. తూత్తుకుడికి వాళ్లలో కొందరు వెళ్లారు, ఎవరి పరిచయాలతో వాళ్లు. ఎవరిని అడగాలో, ఎక్కడ దిగాలో, పోలీసు బారికేడ్ దగ్గర ఏ కార్డు చూపించాలో ఒక పద్ధతి లేదు. చెన్నైలో కూడా వేళచ్చేరి వైపు అన్నం పొట్లాలు మిగిలి పారేసిన రోజే ఉత్తర చెన్నైలో కొన్ని వీధుల్లోకి ఎవరూ వెళ్లలేదు. వాట్సాప్ గ్రూపుల్లో ఎవరు గట్టిగా అడిగితే వాళ్లకే సహాయం అందింది.

దీనికి మన దేశంలోనే ఒక నమూనా ఉంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ "ఆపద మిత్ర" పథకం కింద 350 జిల్లాల్లో లక్ష మంది వాలంటీర్లకు 12 రోజుల శిక్షణ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. శిక్షణతో పాటు కిట్, బీమా. పథకానికి దాని లోపాలు దానికున్నాయి, కానీ ఒకే పాఠ్యక్రమం, ఒకే గుర్తింపు ఉండటం వల్ల అధికారి ఎదుట నిలబడినప్పుడు ఆ మనిషి ఎవరో, ఏం చేయగలడో వేరే వివరించక్కర్లేదు. క్లైమేట్ సేవలో ఉన్న పిల్లలందరికీ మొదటి నెలలో ఇలాంటి ఉమ్మడి శిక్షణ ఇప్పించగలిగితే, ప్రతిపాదనలో మిగతా పేజీలన్నీ కొట్టేసినా నేను బాధపడను.

బీమా గురించి విడిగా ఒక మాట. ఎండలో పని, చెరువు గట్లు, పాములు, పాత గోడలు. ఇద్దరు ముగ్గురు సేవకులున్న సంస్థకు గ్రూప్ పాలసీ ఇవ్వడానికి బీమా కంపెనీ ముందుకు రాదు, ఇచ్చినా ప్రీమియం భారం. అన్ని జిల్లాల పిల్లలనూ ఒకే పాలసీలో చేర్చితే ధర మారిపోతుంది.

ఇక నేర్చుకున్నది నిలవకపోవడం. 2011 డిసెంబర్ చివర్లో థానే తుపాను కడలూరును కుదిపేసింది. 2016 డిసెంబర్ 12న వర్దా చెన్నైలో వేల చెట్లను కూల్చింది. 2018 నవంబర్‌లో గజ తుపాను వేదారణ్యం, నాగపట్నం వైపు కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. ప్రతిసారీ ఆ జిల్లాలోని సంస్థలు ఏ చెట్టు నిలబడింది, ఏది పడింది, ఎంత లోతున గుంత తీయాలి అన్నది చూసి నేర్చుకున్నాయి. వర్దా తర్వాత చెన్నైలో గుల్‌మొహర్ లాంటి చెట్లు ఎక్కువగా కూలాయని రోడ్డు మీద నడిచినవాళ్లందరికీ తెలుసు. ఆ పాఠం ఎక్కడ రాసి ఉంది? ఆ ఏడాది పనిచేసిన కోఆర్డినేటర్ల నోట్‌బుక్కుల్లో. వాళ్లు పెళ్లిళ్లు చేసుకుని, ఐటీ ఉద్యోగాలకు వెళ్లి, ఊళ్లు మారిపోయారు. ఈ రోజుకీ ఏదో ఒక జిల్లాలో ఒక కొత్త సంస్థ రోడ్డు పక్కన గుల్‌మొహర్ మొక్కలు పంచుతూనే ఉంటుంది, పూలు ఎర్రగా బాగుంటాయని.

అందుకే ఉమ్మడి ఫారం ఒకటి ఉండాలంటాను. పెద్దదేం వద్దు, ఒక పేజీ. మొక్క నాటిన చోటు, రకం, ఎవరు నీళ్లు పోస్తారు, రెండు వానాకాలాలు దాటాక బతికుందా లేదా. మొక్కలు నాటిన సంఖ్య ప్రతి సంస్థ వార్షిక నివేదికలో మొదటి పేజీలో ఉంటుంది. బతికిన సంఖ్య ఎక్కడా ఉండదు. విడిగా ఉన్న సంస్థ ఆ అంకె బయటపెట్టడానికి భయపడుతుంది, పక్క సంస్థ పెట్టదు కాబట్టి. అందరూ ఒకే ఫారం నింపాల్సి వస్తే ఆ భయం పోతుంది. ఈ రాష్ట్రం అడవి, చెట్ల విస్తీర్ణాన్ని 33 శాతానికి పెంచాలని 2022లో గ్రీన్ తమిళనాడు మిషన్ మొదలుపెట్టింది. అంత పెద్ద లక్ష్యానికి బతికిన చెట్ల లెక్క లేకుండా ఎలా చేరతాం? ఎండల సర్వేకూ ఇదే వర్తిస్తుంది. 2024లో తమిళనాడు వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. ఏ బస్టాపులో నీడ లేదు, ఏ అంగన్‌వాడీ మీద రేకుల కప్పు ఉంది అన్నది మీ పిల్లలు రాసుకున్న పద్ధతి, వేలూరులో ఇంకొకరు రాసుకున్న పద్ధతి ఒకటే అయితే అది ప్రభుత్వం వాడుకోగల సమాచారం. వేర్వేరుగా ఉంటే ఎవరి ఎక్సెల్ షీటు వాళ్ల కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది.

ఇప్పుడు మీ అనుమానం వైపు వస్తాను, ఎందుకంటే అందులో న్యాయం ఉంది. కేంద్రీకరణ మితిమీరితే ఇదంతా సర్క్యులర్ల వ్యవహారం అవుతుంది. చెన్నైలో కూర్చున్న ఆఫీసు "ఈ నెల అందరూ తాటి గింజలు నాటాలి" అని చెబితే, కృష్ణగిరిలో చెరువు పూడిక తీయడానికి అనువైన నెల పోతుంది. కాబట్టి ప్రతిపాదనలో గీత స్పష్టంగా గీయండి. డబ్బు, శిక్షణ, బీమా, క్యాలెండర్, ఉమ్మడి ఫారం ఇవి రాష్ట్రానివి. ఏ పని చేయాలన్నది పంచాయతీదీ, అక్కడి సంస్థదీ. ఏ చెట్టు నాటాలో ఆ ఊరి రైతుకు తెలిసినంత మనకెవరికీ తెలియదు.

రెండో ప్రమాదం కూలీల పొట్ట కొట్టడం. స్టైపెండ్ మీద వచ్చే పిల్లలు చౌకగా దొరుకుతున్నారని పారిశుద్ధ్య కార్మికుల పనో, ఉపాధి హామీ కూలీల పనో వాళ్లతో చేయించే అధికారులుంటారు. అమెరికార్ప్స్ నిబంధనల్లో జీతానికి పనిచేసేవాళ్ల స్థానంలో సేవకులను పెట్టకూడదని స్పష్టంగా ఉంటుంది. మీ ఒప్పందంలో ఆ వాక్యం మొదటి పేజీలోనే పెట్టండి. ఉపాధి హామీ కూలీలు చెరువు పూడిక తీస్తుంటే మీ పిల్లలు చేయాల్సింది తట్ట మోయడం కాదు. కలుజు మట్టం ఎంత ఉండాలో లెవెల్ చూడటం, మట్టి ఎవరి పొలానికి పోతోందో రాయడం.

మూడోది, ఒక్క చోటు నుంచే డబ్బు తెచ్చుకోవడం. 2023 సెప్టెంబర్‌లో బైడెన్ ప్రభుత్వం 20 వేల మందితో అమెరికన్ క్లైమేట్ కోర్ అని ప్రకటించింది. 2025 జనవరికల్లా అది మూతపడింది. అదే ఏడాది ఏప్రిల్‌లో అమెరికార్ప్స్ గ్రాంట్లలో దాదాపు 40 కోట్ల డాలర్లు ఒక్కసారిగా రద్దు చేశారు. సేవ మధ్యలో ఉన్న పిల్లలను ఇంటికి పొమ్మన్నారు. కొన్ని రాష్ట్రాలు కోర్టుకెళ్లాయి. అలాంటప్పుడు సొంత బడ్జెట్‌లో ఒక వాటా, సొంత చట్టం ఉన్న రాష్ట్రానికి నిలదొక్కుకునే వీలు ఎక్కువ. మీ ఉమ్మడి నిధిలో కూడా ఏ ఒక్క దాతా సగం దాటకుండా చూడండి.

మన తెలుగువాళ్లకు సంబంధించి ఒకటి చెప్పాలి. మీ దగ్గర చేరే తెలుగు పిల్లల్లో చాలామందికి తమిళం గడగడా మాట్లాడటం వస్తుంది, చదవడం రాదు. శిక్షణ పుస్తకం చూసి వెనక్కి పోతారు. వాళ్లను గుమ్మిడిపూండి, ఊత్తుకోట్టై, హోసూరు వైపు వేస్తే అదే పిల్లలు అందరికంటే బాగా పనిచేస్తారు, అక్కడ ఇళ్లలో తెలుగు మాట్లాడే ఊళ్లు బోలెడు. పైగా అటువైపు నీళ్లకు రాష్ట్ర సరిహద్దు లేదు. పిచ్చాటూరు నుంచి నీళ్లు వదిలితే ఆరణి నది పొంగేది తిరువళ్లూరు జిల్లాలో. కండలేరు నుంచి తెలుగు గంగ నీళ్లు పూండికి చేరితేనే మన కుళాయిల్లో ధార బాగుంటుంది. పులికాట్ సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రలో ఉంది, ప్రధాన ముఖద్వారం మాత్రం పళవేర్కాడు దగ్గర ఇటువైపు. రెండు రాష్ట్రాల సేవా దళాలు మాట్లాడుకోవాలంటే ముందు ఒక్కో రాష్ట్రంలో మాట్లాడటానికి ఒక మనిషి ఉండాలి. ఇప్పుడు తడ దగ్గరి సంస్థ ఎవరికైనా ఫోన్ చేయాలంటే ఎవరికి చేస్తుంది?

చివరగా, ఎవరి దగ్గరికి వెళ్లాలని అడిగారు. కొత్త సంస్థ పెట్టమని అడగకండి, చట్రం ఇప్పటికే ఉంది. ఈ రాష్ట్రం 2021లో తమిళనాడు గ్రీన్ క్లైమేట్ కంపెనీని పెట్టింది, దాని కింద క్లైమేట్ చేంజ్ మిషన్ ఉంది, 38 జిల్లాల్లోనూ కలెక్టర్ అధ్యక్షతన జిల్లా మిషన్లు ఉన్నాయి, జిల్లా అటవీ అధికారి క్లైమేట్ ఆఫీసర్‌గా ఉంటారు. ముఖ్యమంత్రి గ్రీన్ ఫెలోషిప్ కింద జిల్లాలకు యువతను పంపిన అనుభవం కూడా ఉంది. కాలేజీల్లో 1969 నుంచి ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) నడుస్తోంది, రెండేళ్లలో 240 గంటల సేవ లెక్క ఉంది. ఇంతమంది ఉన్నా లేనిదల్లా వీళ్లకూ మీలాంటి సంస్థలకూ మధ్య రోజూ ఫోన్ ఎత్తే మనిషి.

నేనైతే సచివాలయానికి ముందు వెళ్లను. అడయార్ పరీవాహక ప్రాంతాన్ని తీసుకుని కాంచీపురం, చెంగల్పట్టు కలెక్టరేట్లకు, చెన్నై కార్పొరేషన్‌కు ఒకే లెటర్ రాస్తాను. మూడు జిల్లాల్లో పనిచేస్తున్న సంస్థల జాబితా, ఉమ్మడి శిక్షణకు తేదీలు, ఒకే ఫారం నమూనా జత చేస్తాను. మార్చి లోపు ఇవ్వాలి, పూడిక పనుల కాలానికి ముందు. అది ఒక ఏడాది నడిచాక ఆ కాగితాలతో క్లైమేట్ మిషన్ దగ్గరికి వెళ్తే వినేవాళ్లు ఉంటారు. బడ్జెట్‌లో మాత్రం ఒక లైను మర్చిపోకండి, ముగ్గురు జిల్లా కోఆర్డినేటర్ల పూర్తి జీతం. దాతలు ముందు కొట్టేసేది ఆ లైనే, "వాలంటీర్ల పని కదా, జీతాలెందుకు" అంటారు. అది కొట్టేస్తే సంతకం పెట్టొద్దని మీ మేడమ్‌కి ఇప్పుడే చెప్పి ఉంచండి.